చంద్రుడి మీద ఏఆర్ కళ్ళద్దాలు నిజంగా పనికొస్తాయా, సినిమా వ్యవహారమేనా?

అడిగింది చీపురుపల్లి దగ్గర ఒక కాలేజీలో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతున్న నలుగురు. ఏఆర్ అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ, కంటి ఎదురుగా ఉన్నదాని మీదే బొమ్మలు, అక్షరాలు తేలేలా చూపించే పద్ధతి. వాళ్ళ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "చంద్రుడి మీద నడిచే వ్యోమగాములకి సాయపడే ఏఆర్ హెడ్‌సెట్ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాం. హెల్మెట్ అద్దంలో త్రీడీ మ్యాపు, రాళ్ళ పేర్లు, గుండె వేగం, ఆక్సిజన్ అన్నీ తేలుతూ కనపడాలి. మా గైడ్ సార్ ఇదంతా సినిమా వ్యవహారం అంటున్నారు. నిజంగా పనికొస్తుందా? ఏం చూపించాలి? హెడ్‌సెట్ కొనే డబ్బుల్లేవు, ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు నా సంగతి. నేను రాకెట్ల మనిషిని కాదు. ఫ్యాక్టరీల్లో పంపులు, కంప్రెసర్లు విప్పి బిగించే ఫిట్టర్లకి ఏఆర్‌లో సూచనలు చూపించే పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను. మొదట విశాఖలో, ఇప్పుడు శ్రీకాకుళంలో సొంతంగా. మీలాంటి పిల్లల చంద్రుడి ప్రాజెక్టులు రెండు బ్యాచ్‌లకి దగ్గరుండి చేయించాను. కాబట్టి అంతరిక్షం సంగతులు చదివి తెలుసుకున్నవి, హెడ్‌సెట్ పెట్టించి తిట్లు తిన్న సంగతులు మాత్రం సొంత అనుభవం.

సూటిగా జవాబు: పనికొస్తుంది. కానీ మూడింటికే. నేనెక్కడున్నాను, వెనక్కి దారెటు? నా దగ్గరున్న గాలి, కరెంటు ఎంతసేపు వస్తాయి? ఇప్పుడు చేయాల్సిన తర్వాతి మెట్టు ఏంటి? మీరు రాసిన జాబితాలో మిగతావన్నీ కొట్టేయండి. రాళ్ళ పేర్లు తేలడం, గుండె బొమ్మ కొట్టుకోవడం లాంటివి చూసి మీ గైడ్ సార్ సినిమా అన్నారంటే నేను ఆయన పక్షమే. ఈ మూడిట్లో కూడా అన్నిటికంటే విలువైనదీ, అన్నిటికంటే కష్టమైనదీ మొదటిది, అంటే దారి.

ఎందుకంటారా? అమెరికా వాళ్ళ చంద్రయాత్ర అపోలో 14 కథ వినండి. 1971 ఫిబ్రవరిలో అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ ఇద్దరూ కోన్ క్రేటర్ అనే గొయ్యి అంచుదాకా వెళ్ళి లోపలికి చూడాలి. అది చిన్న గొయ్యేం కాదు, అడ్డం మూడొందల మీటర్ల పైనే. చేతిలో మ్యాపుంది. సామాన్ల బండి లాక్కుంటూ ఎక్కడం మొదలుపెట్టారు. ఆ గట్టు దాటితే అంచు అనుకున్నారు, దాటారు, అవతల ఇంకో గట్టు. అదీ దాటారు, మళ్ళీ అదే తంతు. మ్యాపులో ఉన్న గుంట ఇదా అదా అని ఇద్దరికీ మాట కలవలేదు. ఆయాసం, టైమైపోయింది, అంచు చూడకుండానే వెనక్కి తిరిగారు. తర్వాత ఎప్పటికో, 2009లో చంద్రుడి చుట్టూ తిరగడానికి వెళ్ళిన నాసా వాళ్ళ ఎల్ఆర్ఓ ఉపగ్రహం తీసిన ఫొటోల్లో వాళ్ళ అడుగుజాడలు కనపడ్డాయి. తీరా చూస్తే వాళ్ళు తిరిగొచ్చేసిన చోటికి గొయ్యి అంచు సుమారు 30 మీటర్లే! క్రికెట్ పిచ్ ఒకటిన్నర. అంత దూరం వెళ్ళి, అంచు పక్కనే నిలబడి, తెలీక వచ్చేశారు.

వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు. చంద్రుడి మీద కంటికి దూరం అందదు. మందసలో నిలబడి మహేంద్రగిరి వైపు చూడండి, దగ్గర గుట్ట పచ్చగా ఉంటుంది, దాని వెనకది కాస్త నీలంగా, ఇంకా వెనకది పొగమంచులా. మధ్యలో ఉన్న గాలే మన కంటికి దూరం చెప్తుంది. చంద్రుడి మీద గాలి లేదు, కాబట్టి పది అడుగుల్లో ఉన్న రాయీ రెండు కిలోమీటర్ల అవతలున్న బండా ఒకేలా చెక్కినట్టు కనపడతాయి. పోనీ తాడిచెట్టో కరెంటు స్తంభమో ఉందా, ఇది ఇంత ఎత్తుంటుంది కాబట్టి అది అంత దూరం అని లెక్కేసుకోడానికి? అదీ లేదు. పైగా చంద్రుడు చిన్నవాడు కదా, నిలబడ్డ మనిషికి చదును నేల మీద దిగంతం సుమారు 2.4 కిలోమీటర్లకే వంగిపోతుంది. భూమ్మీద అయితే దాదాపు రెట్టింపు.

అందుకే తర్వాత అపోలో 15, 16, 17లో ఇచ్చిన రోవర్ బండికి దారి చెప్పే పెట్టె ఒకటి బిగించారు. జైరో ఒకటి దిక్కు చెప్తుంది, చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో చూసి దూరం లెక్కేస్తుంది, రెండూ కలిపి 'నీ ల్యాండర్ ఫలానా దిక్కులో ఇంత దూరంలో ఉంది' అని ముళ్ళతో, అంకెలతో చూపిస్తుంది. దిక్కు సరిచూసుకోడానికి సూర్యుడి నీడ పడే చిన్న అమరిక. అంతే. త్రీడీ లేదు, రంగుల మ్యాపు లేదు. మీరు కళ్ళద్దాల్లో పెట్టాల్సిన మొదటి వస్తువు ఇదే, దీనికి యాభై ఏళ్ళ వయసుంది.

రెండోది, గాలి లెక్క. ప్రతి బ్యాచ్ వాళ్ళూ స్క్రీన్ మూలన "ఆక్సిజన్ 62%" అని పెట్టి ఆకుపచ్చ బద్దీ గీస్తారు. 62 శాతం అంటే మనిషి ఏం చేయాలి? కాశీబుగ్గ వెళ్ళే ఆటో అతన్ని అడగండి, ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో చెప్పడు, "పలాస బంకు దాకా లాగుతుంది" అంటాడు. ఆ మాట కావాలి. సూట్‌లో ఆక్సిజన్ ఒక్కటే కాదు, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే డబ్బా, బ్యాటరీ, ఒంటిని చల్లబరిచే నీళ్ళు, ఇవన్నీ కరుగుతూనే ఉంటాయి. నాలుగింట్లో ఏది ముందు అయిపోతుందో చూసి, ఇప్పుడున్న చోటు నుంచి నడిచి వెనక్కి వెళ్ళడానికి పట్టే టైము అందులోంచి తీసేసి, "ఇంకో 35 నిమిషాల్లో వెనక్కి తిరగాలి" అని ఒక్క ముక్క చూపించండి. అపోలోలో దీన్నే నడిచి తిరిగి రాగలిగే హద్దుగా లెక్కేసేవాళ్ళు. రోవర్ పాడైనా కాలినడకన ల్యాండర్ చేరగలగాలి కదా, అందుకని ముందు దూరపు చోటుకి వెళ్ళిపోయి, పని చేసుకుంటూ దగ్గరికి రావడం పద్ధతి. పొద్దెక్కే కొద్దీ గాలి తగ్గుతుంది, హద్దు కుంచించుకుపోతుంది. మీ ప్రాజెక్టులో ఈ హద్దు గీత ఒక్కటి సరిగ్గా కదిలేలా చేసినా చాలు, మార్కులు ఇవ్వని ఎగ్జామినర్ ఉండడు.

మూడోది పని మెట్లు. దీని గురించి నాకు చెప్పాలనుంది, ఎందుకంటే నా తిట్లన్నీ ఇక్కడివే.

విజయనగరం జిల్లాలో ఒక ఫ్యాక్టరీకి పంపు సీల్ మార్చే పని కోసం మేం ఏఆర్ చేసి ఇచ్చాం. అసలు పంపు మీద త్రీడీ పంపు తేలుతుంది, కప్లింగ్ దానంతటదే విడిపోయి పక్కకి జరుగుతుంది, సీల్ మెరుస్తుంది. డెమో రోజు పైవాళ్ళు చప్పట్లు కొట్టారు. పది రోజుల తర్వాత వెళ్తే హెడ్‌సెట్లు గోడకి మేకుకి వేలాడుతున్నాయి. ముప్పై ఏళ్ళ సర్వీసున్న ఫిట్టర్ ఒకాయన అన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఏటి బాబూ, బోల్టు కనపడకుండా బోల్టు బొమ్మ సూపిస్తన్నావు!" ఆయన మాట అక్షరాలా నిజం. స్పానర్ పెట్టాల్సిన చోటే మేం రంగులు పులిమాం. మొత్తం పీకేసి, కింద ఎడమ మూలన ఒక్క లైను పెట్టాం. ఏ బోల్టు, ఎంత బిగువు, ఎన్నో మెట్టు. మిగతా అద్దం ఖాళీ. అప్పుడు వాడటం మొదలుపెట్టారు, అదీ కొత్తగా చేరిన కుర్రాళ్ళే. పాత ఫిట్టర్లకి అదీ అక్కర్లేదు.

వ్యోమగాములకి ఇప్పటిదాకా ఉన్న ఏర్పాటు దీనికంటే మోటు. అపోలో వాళ్ళు మణికట్టు మీద చిన్న పుస్తకం కట్టుకునేవారు, లావు గ్లోవ్‌తో పేజీ తిప్పుకోవాలి. ఇప్పుడు స్పేస్ స్టేషన్ బయట పనిచేసేవాళ్ళ సూట్‌కి కంట్రోల్ పెట్టె ఛాతీ మీద ఉంటుంది, తల వంచి చూస్తే కనపడదు. అందుకని దాని మీద అక్షరాలు తిరగరాసి ఉంటాయి, చేతికి కట్టుకున్న చిన్న అద్దంలో చూసి చదువుకుంటారు. అంబులెన్స్ ముందు తిరగరాసిన అక్షరాల్లాగే. నవ్వొస్తుంది కానీ ఆ అద్దానికి బ్యాటరీ అయిపోదు, హ్యాంగ్ అవదు. మీ ఏఆర్ ఆ అద్దం ముక్కకంటే నమ్మకంగా ఉంటేనే లోపలికి రానిస్తారని గుర్తుపెట్టుకోండి.

మిగతాదంతా కింద భూమ్మీద ఉన్నవాళ్ళు రేడియోలో చదివి చెప్తారు. చంద్రుడి దూరం సుమారు 3,84,400 కిలోమీటర్లు, మాట వెళ్ళడానికి 1.3 సెకన్లు, జవాబు రావడానికి ఇంకో 1.3. మామూలు మాటలకి ఇబ్బంది లేదు. "ఇంకొంచెం ఎడమకి, ఆగు ఆగు" లాంటి మాటలకి మాత్రం ఆ రెండున్నర సెకన్లు చాలా ఎక్కువ. ఏఆర్ అక్కరకొచ్చే చోటు ఇదే.

ఇక వెలుతురు. మీ ప్రశ్నలో దీని ఊసే లేదు, చాలామంది ప్రాజెక్టులు మునిగేది మాత్రం ఇక్కడే.

ఇప్పుడు అందరి చూపూ చంద్రుడి దక్షిణ ధ్రువం మీద, అక్కడి నీడ గుంటల్లో మంచు ఉందని. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగింది సుమారు 69 డిగ్రీల దక్షిణాన, అమెరికా వాళ్ళ కొత్త చంద్రయాత్రలు ఆర్టెమిస్‌లో వెళ్ళే మనుషులు ఇంకా కిందికి, ధ్రువం దగ్గరికి వెళ్ళాలని ప్లాను. చంద్రుడి అక్షం వంపు ఒకటిన్నర డిగ్రీలే కాబట్టి ధ్రువం దగ్గర సూర్యుడు ఎప్పుడూ నెత్తి మీదికి రాడు, దిగంతం మీదే దొర్లుతూ చుట్టూ తిరుగుతాడు. మన అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో తెల్లవారి సూర్యకిరణాలు తిన్నగా లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి కదా, అక్కడ రోజంతా, నెలంతా ఆ ఎండే అనుకోండి. కాకపోతే నీరెండలా మెత్తగా ఉండదు, వడకట్టే గాలి లేదు కాబట్టి సూర్యుడి పూర్తి తీవ్రతతో తిన్నగా కళ్ళలో పడుతుంది. సూర్యుడు ఒకటిన్నర డిగ్రీల ఎత్తులో ఉంటే మీటరు ఎత్తు రాయికి నీడ 38 మీటర్లు. ఆ నీడలో గుంట ఉందో బండ ఉందో కనపడదు, ఎందుకంటే ఆకాశం నలుపు, నీడలోకి చెదిరి వచ్చే వెలుగు బహు తక్కువ.

పారదర్శక ఏఆర్ అద్దం వెలుగుని కలపగలదు, తీసేయలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ హోలోలెన్స్ హెడ్‌సెట్ లాంటివన్నీ ఇంతే. అంటే నలుపు గీయడం దాని వల్ల కాదు. మీరు ల్యాప్‌టాప్‌లో నల్ల పలక మీద తెల్ల అక్షరాలు అందంగా డిజైన్ చేస్తారు, హెడ్‌సెట్‌లో పలక మాయమై అక్షరాలే మిగులుతాయి, వెనక ఎండలో తెల్లగా మెరిసే నేలుంటే అక్షరాలూ మాయం. మేం ఒక డిసెంబరు ఉదయం కళింగపట్నం బీచ్‌కి అరువు హెడ్‌సెట్ పట్టుకెళ్ళాం. సముద్రం తూర్పున కాబట్టి సూర్యుడు తిన్నగా ముఖం మీదికి వస్తాడు, ధ్రువం ఎండకి మనకి దొరికే దగ్గర పోలిక. ఎండకి ఎదురుగా నిలబడితే బాణం లేదు, అంకె లేదు, ఏమీ లేదు. వీపు పెడితే అంతా చక్కగా కనపడింది. అద్దం మీద కారుకి వేసే నల్ల ఫిలిం అంటించి చూశాం, అక్షరాలు కనపడ్డాయి కానీ పడవ నీడలో ఉన్న తాడు కనపడక మా కుర్రాడు తట్టుకుని పడ్డాడు. వ్యోమగామికీ ఇదే తిప్పలు, హెల్మెట్ మీది బంగారు పూత ఎండ అద్దం (వైజర్) దింపితే నీడలోది కనపడదు, ఎత్తితే ఎండ కొడుతుంది.

దీనికి పూర్తి మందు లేదు. మాకు పనికొచ్చిన ఉపాయాలు చెప్తాను. అక్షరాలు లావుగా, ఒకే రంగులో, విమానాల హెచ్‌యూడీలో (పైలట్ ముందు అద్దం మీద అంకెలు చూపించే పరికరం) వాడే ఆకుపచ్చలో పెట్టడం, మన కంటికి బాగా అందే రంగు అదే కాబట్టి. హెడ్‌సెట్ ముందు ఒక ఎల్‌డీఆర్, అంటే వెలుతురుని పసిగట్టే చిన్న సెన్సర్ పెట్టి మనిషి చూస్తున్న వైపు వెలుతురునిబట్టి ప్రకాశం మార్చడం, దానికి పది రూపాయలు కూడా అవదు. నీడ గుంటలోకి దిగినప్పుడు ప్రకాశం బాగా తగ్గించాలి, లేకపోతే రాత్రి హైవే మీద ఎదురు లారీ లైటు కొట్టినట్టు చీకటికి అలవాటు పడ్డ కళ్ళు పోతాయి. ఫోన్ కెమెరాలో చూసి దాని మీద గీసే పద్ధతిలో ఈ బాధ తక్కువ గానీ, వ్యోమగామికి అది పెట్టకూడదు. కెమెరా ఆగితే మనిషి గుడ్డివాడవుతాడు.

సరే, దారి దగ్గరికి మళ్ళీ వద్దాం. బాణం గీయడం సులువు, ఎటు గీయాలో తెలియడమే కష్టం. చంద్రుడికి భూమిలా మొత్తాన్నీ ఆవరించే అయస్కాంత క్షేత్రం లేదు, దిక్సూచి పనిచేయదు. జీపీఎస్ అక్కడి కోసం పెట్టింది కాదు. 2025 మార్చి 2న దిగిన బ్లూ ఘోస్ట్ ల్యాండర్‌లో లూగ్రే అనే రిసీవర్ మన భూమి చుట్టూ తిరిగే జీపీఎస్, యూరప్ వాళ్ళ గెలీలియో ఉపగ్రహాల సిగ్నళ్ళని అక్కడ పట్టుకుంది, గొప్ప విషయమే, కానీ అంత దూరం నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌తో అడుగు అడుగుకీ దారి చూపించే రోజు ఇంకా రాలేదు. మిగిలింది కెమెరా. హెడ్‌సెట్ చుట్టూ ఉన్న గుర్తులు చూసుకుంటూ తను ఎంత కదిలిందో లెక్కేసుకుంటుంది. మీ క్లాస్‌రూంలో కిటికీ మూలలు, బల్లలు ఉన్నాయి కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒకే బూడిద రంగు నేల, ఒకేలాంటి గుంటలు, నిండా నల్లటి నీడలు ఉన్నచోట తడబడుతుంది. పైగా కెమెరా గుర్తుగా పట్టుకునేది చాలాసార్లు నీడ అంచునే. ధ్రువం దగ్గర సూర్యుడు గంటకి అర డిగ్రీ చొప్పున పక్కకి జరుగుతాడు. ఆరెనిమిది గంటల నడకలో ఇందాకటి 38 మీటర్ల నీడ కొస రెండు మీటర్ల పైన జరిగిపోతుంది. వెళ్ళేటప్పుడు పెట్టుకున్న గుర్తు వచ్చేటప్పటికి అక్కడ ఉండదన్నమాట.

దీన్ని మేం టెక్కలి దగ్గర మూసేసిన ఒక గ్రానైట్ క్వారీలో రాత్రిపూట చూశాం. ఒకే ఒక ఫ్లడ్‌లైటు నేలకి ఆనించినట్టు పెట్టి, దూరంగా నడిచి వెనక్కి వచ్చాం. మధ్యలో లైటుని కాస్త పక్కకి జరిపాం, సూర్యుడు జరిగినట్టు. ఇంటి బాణం పదకొండు మీటర్ల పక్కకి చూపించింది. అది పెద్ద తప్పులా అనిపించకపోవచ్చు, కానీ బాణం మాత్రం ఏమాత్రం సందేహం లేకుండా, గట్టిగా, మెరుస్తూ తప్పు చూపించింది. నాకు భయమేసింది అక్కడే. తెలీదంటే మనిషి జాగ్రత్తపడతాడు, తెలుసన్నట్టు తప్పు చెప్తే నమ్మి వెళ్తాడు.

కాబట్టి బాణం వద్దు, వెడల్పు మారే పాయ గీయండి. లెక్క గట్టిగా ఉన్నప్పుడు సన్నగా, గుర్తులు దొరక్క తడబడుతున్నప్పుడు వెడల్పుగా. మరీ తెలీనప్పుడు ఏమీ గీయకుండా "ఆగి గుర్తు చూపించు" అని అడగాలి. గుర్తు అంటే? మా మేనమామది కళింగపట్నం, వేటకెళ్ళేవాడు. నడిసముద్రంలో వల వేసిన చోటు మళ్ళీ ఎలా దొరుకుతుంది మావా అంటే, లైట్‌హౌస్ ఏ కొండ కొమ్ము కిందికి వస్తుందో చూసుకుంటాం, ఇంకో పక్క ఇంకో జత చూసుకుంటాం, రెండు గీతలు కలిసినచోటే మన చోటు అనేవాడు. చంద్రుడి మీదా ఇదే నప్పుతుంది. దగ్గర గుంటలు ఒకేలా ఉంటాయి గానీ దూరపు కొండల అంచు ప్రతి చోట నుంచీ వేరుగా కనపడుతుంది. ఎల్ఆర్ఓ కొలిచిన ఎత్తుల మ్యాపుతో ఆ అంచుని పోలిస్తే ఎక్కడున్నామో తేలుతుంది. పైగా చంద్రయాన్-2 ఆర్బిటర్‌లో ఉన్న కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి 25 సెంటీమీటర్ల వివరం దాకా తీస్తుంది, ఎల్ఆర్ఓ కెమెరాది 50. ఇస్రో వాళ్ళ ప్రదాన్ పోర్టల్‌లో మన డేటా ఉచితంగానే దొరుకుతుంది. అమెరికా మ్యాపు తెచ్చి ప్రాజెక్టులో పెట్టేముందు మనది ఒకసారి చూడండి, నా స్వార్థం అది.

గ్లోవ్స్, మాట సంగతి చకచకా. గాల్లో వేళ్ళు చిటికేసి బటన్ నొక్కడం మర్చిపోండి. గాలి నింపిన గ్లోవ్‌లో పిడికిలి మూయడమే కసరత్తు. నమ్మకపోతే వికెట్ కీపింగ్ గ్లోవ్స్ తొడుక్కుని మీ యాప్ వాడి చూడండి, రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మాటతో నడపడం మేలు, కానీ వ్యోమగామి ఎప్పుడూ రేడియోలో మాట్లాడుతూనే ఉంటాడు, కిందివాళ్ళతో "నెక్స్ట్" అన్నప్పుడల్లా మీ పేజీ తిరిగిపోకూడదు. ఫ్యాక్టరీలో మాకు అచ్చంగా ఇదే జరిగింది, పక్కవాడు ఎవరినో పిలిస్తే మా మెట్టు మారిపోయింది. చివరికి మణికట్టు మీద లావు బటన్లు రెండు పెట్టాం. పాత పుస్తకం ఉన్నచోటికే చేరామన్నమాట!

హెల్మెట్ లోపల స్క్రీన్ పెడదామని మీ డ్రాయింగ్‌లో ఉంది. సూట్ లోపల ఉండేది స్వచ్ఛమైన ఆక్సిజన్, మన గాలి ఒత్తిడిలో మూడో వంతుకన్నా తక్కువ ఒత్తిడితో. స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన చోట నిప్పు పుడితే ఏమవుతుందో 1967 జనవరిలో అపోలో 1 మంటలు చెప్పాయి, అప్పుడు ముగ్గురు చనిపోయారు. పైగా 2013 జూలైలో స్పేస్ స్టేషన్ బయట పనిచేస్తున్న ఇటలీ వ్యోమగామి లూకా పార్మిటానో హెల్మెట్‌లోకి నీళ్ళు చేరి ఊపిరాడని పరిస్థితి వచ్చింది, అలాంటప్పుడు ముఖం ముందు అడ్డం ఏదీ ఉండకూడదు. ఇంకోటి, హెల్మెట్ ఒంటికి బిగించి ఉంటుంది, లోపల తల తిరుగుతుంది. అద్దానికి అంటించిన బొమ్మ తలతో పాటు రాదు. తలకి పెట్టుకుంటే జారితే సర్దుకోడానికి చెయ్యి లోపలికి వెళ్ళదు. చెమట కంట్లో పడితే తుడుచుకోడానికే దిక్కులేదు అక్కడ. నలభై దాటిన వ్యోమగాములకి చత్వారం కూడా ఉంటుంది, ముక్కు ముందు స్క్రీన్ పెడితే చదవలేరు, బొమ్మ కనీసం రెండు మీటర్ల అవతల ఉన్నట్టు అనిపించాలి. ఇవన్నీ మీరు పరిష్కరించక్కర్లేదు, రిపోర్టులో ఒక పేజీ రాస్తే చాలు, తెలుసని తెలుస్తుంది.

"అంతరిక్షంలో ఏఆర్ ఇదివరకే వాడారు కదా" అని వైవాలో అడుగుతారు. వాడారు. 2015 జూన్‌లో హోలోలెన్స్‌లు పంపితే రాకెట్ దారిలోనే పేలిపోయింది, మళ్ళీ డిసెంబరులో పంపారు, స్కాట్ కెల్లీ వాడాడు. 2021లో జపాన్ వ్యోమగామి సోయిచి నోగుచి స్పేస్ స్టేషన్‌లో ట్రెడ్‌మిల్ తనిఖీ ఏఆర్ సూచనలతో చేశాడు. అవన్నీ స్టేషన్ లోపల, టీషర్ట్ వేసుకుని, ట్యూబ్‌లైట్ లాంటి వెలుతురులో. చంద్రుడి నేల మీదిది వేరే కథ. నాసా వాళ్ళు సూట్స్ అనే పోటీ పెట్టి అక్కడి కాలేజీ పిల్లలచేత ఇలాంటి డిస్‌ప్లేలు చేయించి, హ్యూస్టన్‌లో రాళ్ళు పోసిన మైదానంలో రాత్రిపూట నడిపించి చూస్తారు. రాత్రిపూట అన్నది గమనించండి.

ఇప్పుడు మీ డబ్బుల ప్రశ్న. హెడ్‌సెట్ కొనకండి. హోలోలెన్స్ 2 తయారీ 2024లోనే ఆపేశారు, సెకండ్‌హ్యాండ్‌లో ఎవరైనా అంటగడతారు, వద్దు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, పారదర్శక ప్లాస్టిక్ షీటు ఏటవాలుగా పెట్టి ఫోన్ వెలుగు అందులో కనపడేలా అట్టతో చేసిన టోపీ ఒకటి, ఒక ఎల్‌డీఆర్, రెండు బటన్లు. చూడ్డానికి గొప్పగా ఉండదు గానీ వెలుతురు కలపగలదు, తీసేయలేదు అన్న లక్షణం దీనికీ ఉంటుంది, అదే మనకి కావాలి. అందులో మూడే మూడు: ఇంటి దిక్కు పాయ, వెనక్కి తిరగాల్సిన టైము, ఒక లైను పని మెట్టు.

తర్వాత కొలవండి. పిల్లలందరూ వదిలేసేది ఇదే. ఏఆర్ లేకుండా మణికట్టు పుస్తకంతో పదిమందీ, మీ టోపీతో పదిమందీ అదే దారి నడవాలి, అదే పని చేయాలి. ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు తప్పు దారి పట్టారు, ఎన్నిసార్లు కిందికి చూడటం మర్చిపోయి రాయి తట్టుకున్నారు. చివరిది తప్పకుండా లెక్కపెట్టండి. మీ టోపీ ఓడిపోయినా సరే అలాగే రాయండి. మా మొదటి బ్యాచ్ ఓడిపోయింది, పుస్తకమే గెలిచింది, వాళ్ళ రిపోర్టే నేను ఇప్పటికీ అందరికీ చూపిస్తాను. మీ గైడ్ సార్‌కి కూడా త్రీడీ మాట ఎత్తకుండా, ముందు అపోలో 14 కథ చెప్పి, ఆ 30 మీటర్లు మేం తగ్గిస్తాం సార్ అనండి, ఒప్పుకుంటారు.

చోటు విషయంలో, మీకు టెక్కలి దూరమైతే మీ వైపు కూడా వదిలేసిన క్వారీలు ఉంటాయి. అమావాస్య దగ్గర రోజులు చూసుకోండి, వెన్నెల ఉంటే నీడలు మెత్తబడిపోయి టెస్టు పాడవుతుంది. నీళ్ళు నిలిచిన గుంటల వైపు వెళ్ళకండి, పగలే వెళ్ళి సున్నంతో హద్దు గీసుకోండి. పక్కన నడుస్తున్న క్వారీ ఉంటే బ్లాస్టింగ్ ఏ టైములో పెడతారో వాచ్‌మన్‌ని ముందే అడగండి, మేం అడగలేదు, ఒకసారి సైరన్ విని ఫ్లడ్‌లైటు అక్కడే వదిలేసి పరిగెత్తాం.